‘ఎందుకు’ అనే మాట

సోమవారం తెల్లవారింది. ఆదిలాబాద్ వైపు నుంచి ఉట్నూరు వెళ్లే దారిలో, ఇంద్రవెల్లి సంతలో మీరు నిలబడి ఉన్నారు. కార్తీకం చలి. గోండుల దండారి ఆటలు ముగిసి ఎన్నో రోజులు కాలేదు. ఎడ్లబండ్లు, ఆటో ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. అన్నింట్లోనూ పత్తే. బస్తాల నోళ్లలోంచి తెల్లగా పొంగి, రోడ్డు మీద పీచులు పీచులుగా రాలుతోంది.

కాసేపు చూడ్డం మానేసి వినండి. ఉల్లిగడ్డల గుట్ట దగ్గర మరాఠీ. బట్టల దుకాణం ముందు ఉర్దూ. ఎండుమిరపకాయల పక్కన లంబాడీ ఆడవాళ్ల మాటలు. కిరాణా కొట్టులో తెలుగు. వీటన్నిటి నడుమ, ఎక్కువ మంది నోట, తక్కువ గొంతుతో గోండీ. ఒక ముసలాయన తన బస్తాలను వేలితో తాకుతూ లెక్కపెడుతున్నాడు: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. మూడో మాట దగ్గరికి వచ్చేసరికే మీకు అర్థమైపోయింది. అర్థం కాకుండా ఎలా ఉంటుంది? తెలుగుకు కన్నడం కన్నా, తమిళం కన్నా గోండీయే దగ్గరి చుట్టమని భాషాశాస్త్రం చెబుతోంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు గోండీ, కువి, కొండ భాషలను తెలుగుతో పాటు ఒకే శాఖలో నిలబెట్టారు. ఒక తల్లి పిల్లలే. ఆ చుట్టరికం ఈ సంతలో ఎవరికీ ఒక్క రూపాయి తెచ్చిపెట్టదు.

ఇదిగో, ఈ దంపతుల వెనక నడవండి. పేర్లు రాయను, ఇది ఈ ఒక్క ఇంటి సంగతి కాదు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. తెల్ల రుమాలు, చేతిలో ఎడ్ల పగ్గం. ఆమె బండి మీంచి దిగి పత్తి బస్తాల పక్కనే నిలబడింది. ఏరింది ఆమె. పత్తికాయల మొనలు గీరుకుపోయిన వేళ్లు ఆమెవి. కానీ కాటా దగ్గరికి వెళ్లేది ఆయన. ఆమెకు తెలుగు రాదు, ఆయనకు కొంచెం వచ్చు.

ఆ కొంచెం ఎంతో ఇప్పుడు చూస్తారు.

“రామ్ రామ్ దాదా. ఎన్ని తెచ్చినవ్?”

“రామ్ రామ్ సేటు. మూడు.”

సేటు బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పిడికెడు పత్తి తీసి పిండి, ముక్కు దగ్గర పెట్టుకుని, కింద పడేశాడు. “పచ్చిగున్నది. తేమ మస్తుగున్నది. ఆరు వేల ఆరు వందలు. క్వింటాలుకు నాలుగు కిలోలు తరుగు పోతది.”

ఆయన సేటు ముఖంలోకి, తర్వాత కాటా మీది ఎర్ర అంకెల వైపు చూశాడు. అంకెలు ఆయనకు తెలుసు. మూడు క్వింటాళ్లూ సరిగ్గానే తూగాయి. నాలుగు కిలోలు ఎక్కువని కూడా తెలుసు. ఆయన పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. ఆమె వెనక నుంచి గోండీలో ఏదో గట్టిగా అంది. ఆయన ఆమెకు జవాబు చెప్పాడు, సేటుకు చెప్పలేదు. మళ్లీ అటు తిరిగి, “సరే సేటు” అన్నాడు.

ఆ ‘సరే’ దగ్గర ఆగుదాం. ఆయన దగ్గరున్న తెలుగును మీరు పక్కనుండి విన్నారు కదా. ‘ఎంత’ ఉంది. ‘ఇంక ఇయ్యి’ ఉంది. ‘అప్పు’ ఉంది, ‘రేపు’ ఉంది, ‘సరే’ ఉంది. అమ్మడానికి ఆ మాటలు చాలు. లేనిది ‘ఎందుకు’. తేమ ఎంత శాతం, ఏ మిషను పెట్టి చూశావు, నాలుగు కిలోలు ఎందుకు, రసీదు ఎందుకియ్యవు అని ఆయన గోండీలో అయితే గంటసేపు వాదించగలడు. ఊరి పటేల్ ముందు పంచాయితీల్లో వాదిస్తాడు కూడా. తెలుగులో ఆ గంటసేపు ఒక్క మాట కింద కుంచించుకుపోయింది.

లెక్క వేయండి. మూడు క్వింటాళ్లలో 12 కిలోలు తరుగు పోయింది, మిగిలింది 288 కిలోలు. చేతికి వచ్చింది 19,008 రూపాయలు, అందులో హమాలీ ఖర్చు వేరే. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110. తేమ 8 శాతం దాకా ఉంటే భారత పత్తి సంస్థ పూర్తి ధర ఇస్తుంది. ఆపైన 12 దాకా శాతానికి ఇంత అని తగ్గించి కొంటుంది. ఈయన పత్తిలో తేమ 10 శాతమే ఉందనుకుంటే, అక్కడ దాదాపు 23,800 వచ్చేది. ఒక్క బండి మీద 4,800 తేడా. ఆ డబ్బుతో వచ్చే వానకాలానికి విత్తనాలు వస్తాయి.

మాట కొంచెం వచ్చినవాడికీ బాగా వచ్చినవాడికీ సంపాదనలో ఎంత దూరముంటుందో మన దేశంలోనే ఒక కొలత ఉంది. 2005 నాటి జాతీయ సర్వే ఆధారంగా మెహతాబుల్ ఆజం, ఎయిమీ చిన్, నిశిత్ ప్రకాశ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఇంగ్లీషు మీద ఒక అధ్యయనం చేసి 2013లో ప్రచురించారు. ఇంగ్లీషు అసలు రాని మగవాళ్లతో పోలిస్తే ధారాళంగా మాట్లాడేవాళ్ల గంట వేతనం 34 శాతం ఎక్కువ. కొంచెం మాట్లాడేవాళ్లకు 13 శాతమే ఎక్కువ. అది ఇంగ్లీషు సంగతి, ఎక్కువగా ఉద్యోగాల సంగతి. కానీ గోండు రైతుకు తెలుగు అచ్చంగా మనకు ఇంగ్లీషు లాంటిదే, పైవాళ్ల భాష. కొంచెం వస్తే కొంచెమే ఆదాయం. అసలు డబ్బంతా రెండో మెట్టు మీద, ‘ఎందుకు’ అని అడగగలిగే మెట్టు మీద ఉంది.

మరి ఆయన ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికే ఎందుకు పోలేదు? మీరు అడగొచ్చు, మీకు ఆ మాట వచ్చు. రండి, కొన్ని రోజులు వెనక్కి జరిగి, ఆయన వెనకే మీ సేవ కేంద్రానికి వెళదాం.

వరసలో పదిహేను మంది. బల్ల వెనక కుర్రాడు కంప్యూటరు మీంచి తల ఎత్తడు. ఆయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. దాన్లో ఆధార్, పట్టా పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం ఉన్నాయి. 2025-26 సీజను నుంచి పత్తి సంస్థకు అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఏ రోజు తేవాలో ముందే స్లాటు తీసుకోవాలి.

“ఇంటి పేరేంది?”

ఆయన చెప్పాడు. కుర్రాడు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. ఒకదాంట్లో ‘కుమ్ర’. ఒకదాంట్లో ‘కొమురం’. బ్యాంకు పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఈ రెండూ కాని మూడోది.

“ఇవి ముగ్గురి పేర్లు. నీ పేరు ఏది?”

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. ఆయన పరోల్ ఒక్కటే. గోండీలో పరోల్ అంటే పేరు. పుట్టినప్పటి నుంచీ ఒకటే పరోల్. ఒక్కో ఆఫీసులో ఒక్కో గుమాస్తా తన చెవికి వినబడ్డట్టు రాసుకున్నాడు. రాసింది తిరిగి చదివి సరిచూసుకోగల అక్షరాలు ఈయన దగ్గర లేవు, చదివి వినిపించే ఓపిక వాళ్లకు లేదు. మెస్రం, తొడసం, పెందూర్, సిడాం, ఆత్రం, మడావి ఇళ్లలో ఇలాంటి కవర్లు ఇంకెన్ని ఉన్నాయో చూడాలంటే ఈ వరసలో నిలబడ్డవాళ్ల చేతుల్లోకి చూడండి. అందరి దగ్గరా అదే కవరు.

“తహసీల్ ఆఫీసుకు పోయి సరిచేయించుకుని రా,” అన్నాడు కుర్రాడు. చెడ్డవాడేమీ కాదు. వెనక ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు.

తహసీల్ ఆఫీసంటే ఒక రోజు. అక్కడ దరఖాస్తు తెలుగులో రాయించాలి, రాసినవాడికి డబ్బులివ్వాలి. మళ్లీ రమ్మంటే మరో రోజు. పత్తి ఇంట్లో ఉంటే తేమ పట్టుకుంటుంది, ఎలుకలు పడతాయి. విత్తనాల అప్పు తీర్చాలి. అందుకే బండి సేటు కాటా దగ్గరికే వచ్చింది. నాలుగు కిలోల తరుగు కాటా దగ్గర మొదలైందని ఇందాక అనుకున్నాం. నిజానికి అది ఎన్నడో ఒక గుమాస్తా చెవి దగ్గర మొదలైంది.

సంత దాటి ఊరి చివరికి నడిస్తే ఎర్ర స్థూపం కనిపిస్తుంది. 1981 ఏప్రిల్ 20న, భూమి పట్టాల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో 13 మంది చనిపోయారు. ఇక్కడి ఇళ్లల్లో చెప్పే లెక్క దానికన్నా చాలా పెద్దది. ఆ రోజు కూడా సోమవారమే. సంతకొచ్చినవాళ్లు, సభకొచ్చినవాళ్లు కలిసిపోయి ఉన్నారు. భూమి మీద హక్కు ఉండటం ఒకటి, ఆ హక్కు కాగితం మీద ఉండటం ఇంకొకటి. ఈ నేల మీద గోండులు పోగొట్టుకున్న ప్రతి ఎకరమూ ఈ రెండింటి మధ్య సందులో జారిపోయిందే.

ఆ కాగితం ఏ భాషలో ఉంది అన్నదే నన్ను వదలని ప్రశ్న. దానికి జవాబు కోసం జైనూరు వైపు, మార్లవాయికి వెళ్లాలి. టేకు అడవి నడుమ చిన్న ఊరు. రెండు సమాధుల ముందు మీరు చెప్పులు విప్పి నిలబడ్డారు. ఒకటి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది, ఒకటి ఆయన భార్య బెట్టీది. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కొమురం భీమ్‌ను చంపాక, ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం ఈ ఆస్ట్రియా పండితుణ్ణి పంపింది. ఆయన ఇక్కడే గుడిసె వేసుకుని, గోండీ నేర్చుకుని, వాళ్ల నోటితోనే విన్నాడు. విన్నదాని సారం ఇది: తాతల నాటి నుంచి దున్నుతున్న భూములు తమకు తెలియకుండానే ఇతరుల పేర పట్టా అయిపోయాయి. కచేరీ భాష ఉర్దూ. కబురొచ్చేదీ ఉర్దూలోనే, గడువు తీరిపోయేదీ ఉర్దూలోనే.

హైమన్‌డార్ఫ్ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది 1943లో ఈ ఊళ్లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరవడం. తొలి వాచకాలు గోండీలోనే, దేవనాగరి లిపిలో. తన భాషలో అక్షరం పట్టుకున్న మనిషి తర్వాత కచేరీ భాషను అందుకుంటాడని ఆయన నమ్మకం. నమ్మకం ఫలించింది. ఆ కేంద్రంలో చదివినవాళ్లు టీచర్లయ్యారు, కొందరు కచేరీ కొలువుల్లోకి వెళ్లారు. కాగితం మీద ఏముందో చదివి చెప్పే మనిషి మొదటిసారిగా గోండుల ఇంట్లోనే పుట్టాడు.

అంతలో 1956 వచ్చింది. భాషల వారీగా రాష్ట్రాలు గీశారు. కిన్వట్, రాజురా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లి, అక్కడి గోండులకు మరాఠీ ఏలుబడి భాష అయింది. ఇటువైపు మిగిలినవాళ్లకు తెలుగు అయింది. మన ఆశ నెరవేరిన సంవత్సరం అది, నాకు ఆ సంతోషం మీద ఏ అనుమానమూ లేదు. కానీ మార్లవాయిలో దేవనాగరి దిద్దుకుని, కష్టపడి ఉర్దూ పట్టుకున్న గోండు మళ్లీ మొదటి మెట్టు కిందికి వచ్చాడు. తెలుగు పట్టుకుంటున్నాడనుకునేసరికి ఫోను వచ్చింది, ఓటీపీ ఇంగ్లీషులో వచ్చింది. మూడు తరాల్లో మూడు కచేరీ భాషలు మారాయి. భూమి అదే, పంట పండించే చేతులు అవే.

మధ్యాహ్నానికి మళ్లీ సంతలోకి రండి. ఎండ కాస్తోంది. జొన్నరొట్టెల మూటలు విప్పుకుని కూర్చున్న గుంపుల మధ్య నుంచి ఒక పద్నాలుగేళ్ల పిల్ల తన బాపు వెంట సోయా బస్తాతో ఇంకో కాటా దగ్గరికి వెళుతోంది. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. పండక్కి వచ్చి ఇంకా వెనక్కి వెళ్లలేదు.

“మూడు కిలోలు తరుగు,” అన్నాడు ఈ కాటా యజమాని.

“ఎందుకు?” అంది ఆ పిల్ల.

గొంతు పెద్దదేం కాదు. కాటా యజమాని మొదటిసారి బస్తా మీంచి చూపు ఎత్తి మనిషిని చూశాడు. “మట్టి ఉన్నదమ్మా,” అన్నాడు. “జల్లెడ పట్టినం. చూడున్రి,” అని ఆమె దోసెడు గింజలు అతని చేతిలో పోసింది. అతను గింజల్ని వేళ్లతో కదిపి, మూడుకు బదులు ఒక్క కిలోయే తరుగు తీసి రాశాడు. ఆమె చీటీ అడిగింది. ఇచ్చాడు.

మీరు చూసింది ఇంతే. రెండు కిలోల సోయా. కానీ ఆ ఇంట్లో నలుగురైదుగురు ఉంటే, తెలుగు బాగా వచ్చింది ఈ ఒక్క పిల్లకే. కౌశిక్ బసు, అంబర్ నారాయణ్, మార్టిన్ రావల్యన్ బంగ్లాదేశ్ పల్లెల లెక్కలు తీసి ఒక సంగతి చూపించారు: చదువురాని మనిషి కూడా, ఇంట్లో చదువుకున్నవాళ్లు ఒక్కరుంటే, వ్యవసాయేతర పనుల్లో ఎక్కువ సంపాదిస్తాడు. అక్షరం ఒకరిది, ఆదాయం ఇంటిది. ఇంద్రవెల్లిలో అది చదవక్కర్లేదు, ఈ కాటా దగ్గర నిలబడితే చాలు.

ఆ పిల్ల మీద పడే బరువు మాత్రం ఆ లెక్కల్లో దొరకదు. సోయా అమ్మాక ఆమె బడికి పోదు. నాయనమ్మను దవాఖానకు తీసుకుపోవాలి. డాక్టరమ్మకు గోండీ రాదు, నాయనమ్మకు తెలుగు రాదు. ముసలామె తన ఒంట్లోని, ఆడవాళ్లకే చెప్పుకోవలసిన బాధను మనవరాలికి చెప్పాలి, మనవరాలు దాన్ని తలొంచుకుని తెలుగులో చెప్పాలి. తర్వాత బ్యాంకు. తర్వాత పేరు సరిచేయించే దరఖాస్తు. ఇంటికి నోరైన పిల్లకు సోమవారాలు బడి ఉండదు. తొమ్మిదో తరగతిలో పోయిన సోమవారాలు పదో తరగతి పరీక్షలో కనిపిస్తాయి.

ఈ తెలుగు ఆమెకు ఎలా వచ్చిందో కూడా వినండి. ఒకటో తరగతిలో చేరినప్పుడు సారు చెప్పేది ఒక్క ముక్క తెలియలేదు. పుస్తకంలో అరటిపండు బొమ్మ ఉంది, దాని కింద రాసిన మాట తన ఇంట్లో ఎవరూ అనరు. రెండేళ్లు మాట్లాడకుండా కూర్చుంది. పక్కన కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు బడి మానేశారు. ఈమె నిలబడింది. నిలబడినవాళ్లను చూసి విధానం బాగుందని అనుకుంటాం, మానేసిన ఇద్దరూ ఇప్పుడు పత్తి చేలలో ఉన్నారు.

వేరే దారి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. రాజ్యాంగం 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయమని 1956 నుంచీ చెబుతోంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టి, తెలుగు లిపిలో వాచకాలు తయారు చేశారు. బిడ్డ ముందు తన మాటతో చదవడం నేర్చి, ఆ మెట్టు మీంచి తెలుగులోకి వస్తుంది. ధారాళమైన తెలుగు, ‘ఎందుకు’ అనగలిగే తెలుగు, అలా వస్తుంది. గోండీని నోట్లోంచి తీసేసి తెలుగు పెడితే వచ్చేది ‘సరే’ మాత్రమే. దాదాపు 30 లక్షల మంది గోండీ తమ మాతృభాష అని 2011 జనగణనలో చెప్పారు. సంతాలీకి, బోడోకు ఎనిమిదో షెడ్యూలులో చోటు దొరికింది. గోండీకి ఇంకా లేదు.

పొద్దు వాలుతోంది. మొదటి దంపతులు బండి కట్టుకుంటున్నారు. ఆమె ఉప్పు, నూనె, ఎండు చేపలు కొంది. అన్నీ వేలు చూపించి కొంది. ఆయన నోట్లను మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. పేరు సరిచేయించడానికి మళ్లీ ఎప్పుడు రావాలో వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మీకు మాటలు తెలియకపోయినా ఆయన వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు తెలుస్తున్నాయి. ఉండి, రండ్, మూండ్.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి పేర మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. ఆ గిడుగు పర్లాకిమిడిలో సవరల మాట నేర్చుకున్నారు, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు, సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు వాళ్ల భాషలో బడి నడిపారు. కొండవాడు మన భాష నేర్చుకునే దాకా ఆయన ఆగలేదు, తానే వెళ్లి నేర్చుకున్నారు.

ఏలుబడిలో ఉన్నవాళ్లకు, ఐటీడీఏ అధికారులకు, బ్యాంకు మేనేజర్లకు, పత్తి కొనుగోలు కేంద్రాలు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. గోండీ, తెలుగు రెండూ చదవను రాయను వచ్చిన పిల్లలు ఈ ఏజెన్సీలో వందల మంది ఉన్నారు, ఉద్యోగం కోసం చూస్తున్నారు. కాటా దగ్గర ఒకరికి, తహసీల్ ఆఫీసులో ఒకరికి, దవాఖానలో ఒకరికి, బ్యాంకులో ఒకరికి కుర్చీ వేసి జీతం ఇవ్వండి. ఒకటో తరగతిలో గోండీ వచ్చిన టీచరును పెట్టండి. ఆ తొమ్మిదో తరగతి పిల్లను వచ్చే సోమవారం బడికి పోనివ్వండి.

సంత ప్రతి సోమవారం జరుగుతుంది.